సముద్రంలో పైరెక్కడ?

వంజరం కవ్వళ్లను తింటుంది, వంజరాన్ని సొర తింటుంది. పెద్ద చేప చిన్న చేపను మింగుతుందన్న సంగతి చేపల బజారు ముఖం చూడనివాళ్లకూ తెలుసు. కానీ ఆ వరసలో కిందికి దిగుతూ పోతే? కవ్వళ్లు ఏం తింటాయి? వాటికన్నా చిన్నవాటిని. ఆ చిన్నవి? ఎక్కడో ఒకచోట ఎవరినీ తినకుండా, ఎండా నీళ్లూ గాలీ పెట్టుబడిగా తన తిండి తానే తయారుచేసుకునేది ఒకటి ఉండి తీరాలి. నేలమీద ఆ పని గడ్డి చేస్తుంది, వరి చేస్తుంది, చింతచెట్టు చేస్తుంది. పులి వెనక జింక, జింక వెనక ఆకు. భూగోళం మీద నూటికి 71 పాళ్లు ఆక్రమించిన సముద్రంలో ఆ ఆకు ఏది? ఒడ్డు కనుమరుగయ్యేదాకా పడవలో వెళ్లినా ఒక్క మొక్క కంటబడదే!

నాచు కదా, అంటారు చాలామంది. ఆ జవాబులో నిజం చాలా తక్కువ. నాచుకు పట్టుకోవడానికి రాయి కావాలి, రాయి దాకా ఎండ తగలాలి. అలాంటి చోట్లు తీరం వెంబడి సన్నటి అంచు మాత్రమే. నాలుగు కిలోమీటర్ల లోతున్న నడిసముద్రంలో తిరిగే ట్యూనాలకూ తిమింగలాలకూ ఆ అంచు ఏ మూలకు?

అసలు జవాబు చేప తలలోనే ఉంది. ఈసారి నూనె కవ్వళ్లు కొన్నప్పుడు ఒకదాని మొప్ప రెప్ప ఎత్తి చూడండి. బయటివైపు ఎర్రగా ఉన్నవి ఊపిరి తీసుకునే కేశాలు. వాటికి ఎదురుగా, నోటివైపు, తెల్లటి సన్న ముళ్ల వరస ఒకటి కనిపిస్తుంది. లెక్కపెట్టగలిగితే ఒక్కో వంపు మీద వందకు మించి ఉంటాయి. నోట్లోకి వచ్చిన నీరు ఆ ముళ్ల సందుల్లోంచి బయటికి పోతుంది, నీటిలో ఉన్నది లోపల చిక్కుతుంది. పులస మొప్పలోనూ ఇదే ఏర్పాటు. ఇప్పుడు పక్కనే ఉన్న వంజరం మొప్ప ఎత్తండి. ముళ్లు వేళ్లమీద లెక్కించేటన్ని, అవీ పొట్టివి. వంజరం తరిమి పట్టుకుంటుంది, కవ్వళ్లు వడగడతాయి. అవి వడగట్టే దానిలోనే ఉంది సముద్రపు పైరు. మన కంటికి ఆనదు, అంతే.

చెంచాడు నీటిలో లక్షలు

ఒక చుక్క సముద్రపు నీటిని సూక్ష్మదర్శిని కింద పెడితే గుండ్రనివి, కోలగా ఉన్నవి, గొలుసులు కట్టినవి, నక్షత్రాల్లా విచ్చుకున్నవి, రకరకాల ఆకారాలు తేలుతూ కనిపిస్తాయి. ఒక్కొక్కటి ఒకే కణం. ఎటు ప్రవాహం ఉంటే అటు కొట్టుకుపోతాయి. వీటిని వృక్షప్లవకాలు అంటారు. ఫైటోప్లాంక్టన్ అన్నా ఇవే. వేరూ కాండమూ ఆకూ లేకపోయినా ఒంట్లో పత్రహరితం ఉంది. వరి ఆకు చేసే పనంతా ఈ ఒక్క కణం చేస్తుంది. నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువును తీసుకుని, ఎండ బలంతో పిండిపదార్థం వండుకుని, ప్రాణవాయువును బయటికి వదులుతుంది. సముద్రంలో పండే ఈ మొదటి తిండిని ఈ అధ్యాయంలో తొలి పంట అందాం.

వీటిలో అందగత్తెలు డయాటములు. ఒక్కో కణం తన చుట్టూ గాజు డబ్బా కట్టుకుంటుంది, అడుగు ఒకటి, మూత ఒకటి. ఆ గాజు మీద నగిషీ చెక్కినట్టు సూదిమొన కన్నా సన్నని రంధ్రాల వరసలు. ఈ గాజుకు కావలసిన సిలికా కొండరాళ్లు కరిగి నదుల్లో వస్తుంది. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో అయిదో వంతు దాకా ఈ ఒక్క జాతిదే. చచ్చిన డయాటముల డబ్బాలు లక్షల ఏళ్లు పేరుకుని తెల్లటి మట్టిగా మారతాయి. 1867లో ఆల్ఫ్రెడ్ నోబెల్ ముట్టుకుంటే పేలే నైట్రోగ్లిజరిన్‌ను ఆ మట్టిలో ఇంకించాకే డైనమైట్ తయారైంది. ఇంకో జాతి సున్నపు బిళ్లలను ఒంటికి తొడుక్కుంటుంది. ఇంగ్లండులో డోవర్ దగ్గరి తెల్లని కొండచరియలు అలాంటివాటి బిళ్లలు పేరుకున్నవే.

అయితే సంఖ్యలో వీటన్నిటినీ మించిన జీవి ఒకటుంది. 1985 దాకా దాని ఉనికే ఎవరికీ తెలియదు. అమెరికా శాస్త్రజ్ఞులు పెన్నీ చిజం, రాబ్ ఓల్సన్ అట్లాంటిక్ సముద్రంలో ఓడ మీదికి ఒక కొత్త యంత్రం ఎక్కించారు. కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతి ముందు నుంచి నడిపించి, ఏది ఏ రంగులో మెరుస్తుందో చూసే యంత్రం అది. తెరమీద చాలా చిన్న చుక్కల గుంపొకటి కనిపించింది. యంత్రంలో విద్యుత్తు రొద అనుకున్నారు మొదట. కానీ రొదైతే ఎంత లోతు నీటికైనా ఒకేలా ఉండాలి కదా? ఇది లోతును బట్టి మారుతోంది. లోతుకు వెళ్లేకొద్దీ ఆ చుక్కలు ఇంకా ఎర్రగా మెరుస్తున్నాయి, అంటే వాటిలో పత్రహరితం పెరుగుతోంది. 1988లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ జీవికి తర్వాత ప్రోక్లోరోకాకస్ అని పేరు పెట్టారు.

అది బ్యాక్టీరియా. వరసగా పేరిస్తే ఒక్క మిల్లీమీటరులో 1,600 దాకా పడతాయి. వెచ్చని సముద్రాల్లో ఒక్కో మిల్లీలీటరు నీటిలో లక్ష ఉంటాయి. చెంచాడు నీళ్లలో అయిదు లక్షలు! ప్రపంచం మొత్తం మీద వీటి సంఖ్య 3 పక్కన 27 సున్నాలు పెడితే వచ్చేటంత. ఎండ సాయంతో బతికే జీవులన్నిటిలో ఇంత చిన్నదీ లేదు, ఇంత మందీ లేరు. మనిషి చంద్రుడి మీద అడుగుపెట్టిన పదహారేళ్లకు గానీ ఈ జీవిని చూడలేదన్నది నన్ను ఇప్పటికీ నిలబెట్టి ఆలోచింపజేస్తుంది.

పెనం మీద నాలుగే అట్లు

ఇంత చిన్నవి తిమింగలాల దాకా ఎలా పోషిస్తాయి? ఇక్కడ లెక్క చూడాలి. నేలమీది మొక్కలన్నిటిలో కలిపి సుమారు 45,000 కోట్ల టన్నుల కార్బన్ ఉంది. సముద్రంలోని తొలి పంట జీవులన్నిటినీ తూకం వేస్తే 100 కోట్ల టన్నులు. నూటికి ఒక పాలు కూడా కాదు. కానీ ఏడాదిలో ఎవరెంత పండించారని చూస్తే కథ వేరు. 1998లో క్రిస్టఫర్ ఫీల్డ్, ఆయన సహచరులు ఉపగ్రహాల కొలతలతో లెక్కగట్టారు. భూమి మొత్తం మీద ఏటా సుమారు 10,500 కోట్ల టన్నుల కార్బన్ తిండిగా మారుతుంటే, అందులో సుమారు 4,850 కోట్లు సముద్రానివి. దగ్గర దగ్గర సగం.

పొద్దున పూట టిఫిన్ హోటల్లో పెనం దగ్గర నిలబడి చూడండి. ఎప్పుడు లెక్కపెట్టినా పెనం మీద నాలుగే అట్లు. పదకొండింటికి పొయ్యి ఆర్పేసరికి నాలుగొందల అట్లు బల్లల మీదికి వెళ్లి ఉంటాయి. పెనం మీద ఉన్నవే వ్యాపారమంతా అనుకుంటే హోటలు మూతపడాల్సిందే. సముద్రం లెక్క ఇదే. ఏ క్షణాన తూచినా 100 కోట్ల టన్నులే కనిపిస్తాయి. కానీ తయారైంది తయారైనట్టే తినేస్తున్నారు, ఖాళీ అయిన చోట మళ్లీ తయారవుతోంది. సగటున వారానికో కొత్త పంట. అడవిలో టేకు మాను నలభై ఏళ్లు కూడబెట్టి నిలబెట్టుకున్నది కర్ర. దాన్ని తినేవాళ్లు తక్కువ. ప్లవకానికి కర్ర లేదు, బెరడు లేదు. ఒళ్లంతా తిండే. రోజుకో రెండు రోజులకో ఒకసారి రెండుగా చీలుతుంది, ఆలోగానే ఎవరి నోట్లోనో పడుతుంది.

ఒక్కో మెట్టు ఎక్కేటప్పుడు తిండిలో పదో వంతే ఒంటికి పడుతుందని మోటుగా ఒక లెక్క ఉంది. ప్లవకాలను రొయ్యజాతి పురుగులు, వాటిని చిన్న చేపలు, వాటిని వంజరం తింటే, కిలో వంజరం వెనక వెయ్యి కిలోల తొలి పంట ఉన్నట్టు. డయాటములను నేరుగా వడగట్టుకునే కవ్వళ్లకు మెట్లు తక్కువ. అందుకే సముద్రం కవ్వళ్లను రాసులుగా ఇవ్వగలుగుతుంది, వంజరాన్ని ఇవ్వలేదు. ధరలోని తేడాకు ఇదీ ఒక కారణం.

ఒడ్డున ఉన్నవాటినీ తీసిపారేయకూడదు. కోరింగ మడ అడవులు, విశాఖ రాళ్లమీద జారే పచ్చనాచు, పాక్ అఖాతంలో నీటి అడుగున పూలు పూసే సముద్రపు గడ్డి విస్తీర్ణంలో చిన్నవే. కానీ చదరపు మీటరుకు లెక్కిస్తే వీటి పంట నడిసముద్రానికి అందనంత ఎక్కువ. రొయ్యపిల్లలూ చేపపిల్లలూ దాక్కుని పెరిగేది వీటి నీడనే. సముద్రపు గడ్డి మేసి బతికే కడలి ఆవు, అంటే డుగాంగ్ కోసం తమిళనాడు 2022లో పాక్ అఖాతంలో ఒక రక్షిత ప్రాంతాన్ని ప్రకటించింది.

వెలుగు పైన, ఎరువు కింద

ఎండ సముద్రంలో ఎంతో లోతుకు దిగదు. ఎరుపు కాంతి మొదటి పది మీటర్లలోనే దాదాపు ఇంకిపోతుంది. నీలం ఎక్కువ దూరం వెళ్తుంది, అయినా 200 మీటర్లు దాటాక పంటకు సరిపోదు. సముద్రం సగటు లోతు 3,700 మీటర్లు. కాబట్టి సాగుకు పనికొచ్చేది పై పొర మాత్రమే.

ఎండ ఒక్కటీ ఉంటే చాలదు. నత్రజని, భాస్వరం, ఇనుము, డయాటములకైతే సిలికా కూడా కావాలి. పై పొరలో ఉన్న కాస్త ఎరువునూ ప్లవకాలు పీల్చేసుకుంటాయి. చచ్చినవీ, తిన్నవాళ్లు విసర్జించినవీ మెల్లగా అడుగుకు జారిపోతాయి. అక్కడ చీకట్లో బ్యాక్టీరియా వాటిని మళ్లీ ఎరువుగా మారుస్తుంది. అంటే పొయ్యి పైన, పిండి కింద. రెండూ కలిసిన చోటే పెనం మీద అట్టు పడుతుంది. కలవని చోట నీరు అద్దంలా, గాఢమైన నీలంగా ఉంటుంది. సినిమాల్లో చూసి మురిసిపోయే ఆ నీలం పంట లేదనడానికి గుర్తు. ఆకుపచ్చగా, మసగ్గా ఉన్న నీటిలోనే తిండి ఉంది.

ఇక మన బంగాళాఖాతం సంగతి. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఇందులోనే కలుస్తాయి. ఏటా లక్ష కోట్ల ఘనపు మీటర్లకు మించి మంచినీరు, దానితో ఒండ్రు. డెల్టాలో మూడు తరాలు సాగు చేసిన రైతునడిగితే, ఇంత ఒండ్రు దిగే సముద్రం అరేబియా కంటే బాగా పండాలనే అంటాడు. జరిగేది దానికి తలకిందులు. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. నదుల నీరు ఉప్పునీటి మీద పొరగా పరుచుకుని మూతలా కూర్చుంటుంది. నదులు తెచ్చిన ఎరువులో ఎక్కువ భాగం తీరం దగ్గరే ఖర్చయిపోతుంది. అడుగున ఉన్న అసలు నిల్వ పైకి రావాలంటే గాలి ఆ మూతను చీల్చాలి. బంగాళాఖాతం మీద వీచే గాలికి అంత బలం చాలడం లేదని గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన ప్రసన్నకుమార్, ఆయన సహచరులు 2002లో వివరించారు. అరేబియా సముద్రంలో నైరుతి గాలులు సొమాలియా, ఒమన్ తీరాల వెంట అడుగునీటిని పైకి లాగుతాయి. చలికాలంలో పొడిగాలికి ఉత్తరాన పైనీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగి, కిందిది పైకి కలుస్తుంది. ఏడాదికి రెండు పంటలు.

బంగాళాఖాతం ఎప్పుడూ బీడు అనుకోవద్దు. 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ నౌకాదళం ఓడల సాయంతో విశాఖ తీరం వెంట నీటి వేడినీ ఉప్పదనాన్నీ కొలిచాడు. ఎండాకాలం మొదట్లో నైరుతి నుంచి గాలి తీరం వెంబడి వీస్తుంది. భూభ్రమణం వల్ల పైనీరు గాలికి కుడివైపుకు, అంటే ఒడ్డు నుంచి దూరంగా జరుగుతుంది. ఖాళీ అయిన చోటికి అడుగు నుంచి చల్లని నీరు ఉబికి వస్తుంది, ఎరువుతో సహా. ఆ రోజుల్లోనే శాస్త్రజ్ఞులు గణపతి, సుబ్బారావు విశాఖలోని లాసన్స్ బే నీటిలో ప్లవకాలను లెక్కించి 1958లో ప్రచురించారు. అదే సుబ్బారావు 1969లో వాల్తేరు దగ్గర ఒకే ఒక్క డయాటము జాతి, ఆస్టీరియోనెల్లా, నీటి రంగే మారిపోయేంతగా విజృంభించడం గురించి రాశారు. ఇవాళ ఇళ్లూ షాపులూ నిండిన లాసన్స్ బే కాలనీ ముందరి నీళ్లే అవి. మన సముద్రం గురించి ఇంత తొలినాళ్ల పరిశోధన మన ఊళ్లోనే జరిగిందన్నది పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సిన సంగతి.

మూతను చీల్చేది మరొకటుంది, తుఫాను. తీరాన్ని అతలాకుతలం చేసే ఆ గాలి సముద్రాన్ని చిలికి అడుగు ఎరువును పైకి తెస్తుంది. 1999లో ఒడిశా పెను తుఫాను వెళ్లిన తర్వాత దాని దారి పొడవునా సముద్రం పచ్చబడటం ఉపగ్రహ చిత్రాల్లో కనిపించింది.

ఎరువు చల్లితే?

రైతు బిడ్డ ఎవరైనా అడిగే ప్రశ్న ఇది. పంట లేని చోట ఎరువు చల్లొచ్చు కదా?

ఒక జీవి ఆ పని తనంతట తానే చేస్తోంది. ట్రైకోడెస్మియం అనే బ్యాక్టీరియా పీచుల్లా గుంపులు కట్టి, నీటిలో కరిగిన నత్రజని వాయువును ఎరువుగా మార్చుకుంటుంది. కంది, మినుము వేళ్ల బుడిపెల్లో జరిగే పని నడిసముద్రంలో జరుగుతుందన్నమాట. ఎండాకాలంలో అలలు తగ్గి నీరు నిలకడగా ఉన్నప్పుడు గోధుమరంగు చారలుగా తేలుతుంది. 1770లో కెప్టెన్ కుక్ ఓడవాళ్లు దాన్ని చూసి సముద్రపు రంపపు పొట్టు అన్నారు.

అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ సముద్రం కొరత వేరు. నత్రజని పుష్కలంగా ఉంది, ఇనుము లేదు. 2009లో గోవా సంస్థ, జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి లోహాఫెక్స్ అనే ప్రయోగం చేశాయి. పోలార్‌స్టెర్న్ ఓడలో వెళ్లి 300 చదరపు కిలోమీటర్ల నీటిలో రెండు విడతలుగా 20 టన్నుల ఫెర్రస్ సల్ఫేట్ కలిపారు. వరినారు పాలిపోతే మన రైతులు వాడే అన్నభేది అదే. పంట పెరిగితే గాలిలోని బొగ్గుపులుసు వాయువు దానిలో చేరి, అది చచ్చి అడుగుకు దిగితే వేడెక్కుతున్న భూమికి కొంత ఉపశమనం దొరుకుతుందేమోనన్న ఆశ అప్పట్లో చాలామందికి ఉండేది. మొదటి రెండు వారాల్లో ప్లవకాలు దాదాపు రెట్టింపయ్యాయి. తర్వాత ఆగిపోయాయి. ఆ నీటిలో సిలికా లేదు, డయాటములు పెరగలేదు. పెరిగిన మెత్తటి జాతులను రొయ్యజాతి జీవులు తినేశాయి. అడుగుకు దిగింది చాలా తక్కువ. ఒక కొరత తీరిస్తే రెండోది అడ్డం పడింది. సముద్రానికి ఎరువు చల్లి వాతావరణాన్ని బాగుచేద్దామనేవాళ్లు ఈ ప్రయోగాన్ని శ్రద్ధగా చదవాలి.

మన ఊపిరిలో సగం సముద్రానిదేనా?

మనం తీసుకునే ప్రతి రెండో ఊపిరి సముద్రం పెట్టిందేనని తరచూ వింటాం. ఉత్పత్తి వరకూ అది ఇంచుమించు నిజం. కానీ ఖర్చు సంగతి ఎవరూ చెప్పరు. భీమవరం వైపు రొయ్యల చెరువు రైతుకు ఇది బాగా తెలుసు. చెరువులో నీళ్లు పచ్చరంగు పట్టాలని ఆయన తవుడూ బెల్లమూ పులియబెట్టి పోస్తాడు, రోజూ నీటి రంగు చూసుకుంటాడు. మధ్యాహ్నం ఆ ప్లాంక్టన్ వల్లే నీటిలో ప్రాణవాయువు నిండుగా ఉంటుంది. చీకటి పడ్డాక అదే ప్లాంక్టన్ ప్రాణవాయువు తయారుచేయడం ఆపేస్తుంది, ఊపిరి తీసుకోవడం మాత్రం ఆపదు. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు ప్రాణవాయువు అట్టడుగుకు పడిపోయి రొయ్యలు పైకి తేలతాయి. ఆ వేళకు ఏరియేటర్లు తిరుగుతుండాల్సిందే, కరెంటు పోతే జనరేటర్ వేయాల్సిందే. ఎండకు బాగా పచ్చబడి, మబ్బు పట్టి ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చిందంటే ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది కుళ్లడానికీ ప్రాణవాయువే కావాలి.

సముద్రంలోనూ ఇదే. ప్లవకాలు వదిలిన ప్రాణవాయువునంతా దాదాపు సముద్రపు జీవులే, ముఖ్యంగా వాటి కళేబరాలను కుళ్లబెట్టే బ్యాక్టీరియాయే, వాడేసుకుంటాయి. గాలిలో నూటికి 21 పాళ్లున్న ప్రాణవాయువు ఈ ఏడాదిదో పోయిన ఏడాదిదో కాదు. కుళ్లకుండా అడుగు బురదలో పూడిపోయిన ఆ కాస్త తిండికి ఎదురుగా మిగిలిన ప్రాణవాయువు కోట్ల సంవత్సరాలుగా పోగుపడింది. ఆ పోగు సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది, ప్రోక్లోరోకాకస్‌కు పూర్వీకులైన నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియాతో. వాటిలో ఒకటి వేరే కణంలోకి చేరి అక్కడే స్థిరపడి, వారసత్వంగా ఇవాళ వరి ఆకులో పచ్చటి రేణువై కూర్చుంది. లిన్ మార్గులిస్ 1967లో ఈ మాట గట్టిగా చెప్పినప్పుడు నమ్మినవాళ్లు కొద్దిమందే. ఇప్పుడది జీవశాస్త్రంలో పునాది పాఠం.

వేడెక్కే పై పొర

పత్రహరితం ఎర్ర, నీలి కాంతులను పీల్చుకుని పచ్చటి కాంతిని వదిలేస్తుంది కాబట్టి, సముద్రం రంగును బట్టి పంటను ఆకాశం నుంచే అంచనా వేయవచ్చు. మన ఓషన్‌శాట్ ఉపగ్రహాల పని అదే. వాటి వరసలో తాజాది 2022 నవంబరులో ఎగిరింది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఈ రంగునూ నీటి వేడినీ కలిపి చూసి, చేపలు ఎక్కడ గుమికూడే వీలుందో రేవుల్లోని మత్స్యకారులకు తెలుగుతో సహా తీరప్రాంత భాషల్లో సూచనలు పంపుతుంది. వేటకు వెళ్లే పడవ ముందుగా వెతుక్కునేది, చూశారా, చేపను కాదు, పైరును.

ఆ పైరుకు కష్టం వస్తున్నట్టు సూచనలున్నాయి. పశ్చిమ హిందూ మహాసముద్రంలో గత ఆరు దశాబ్దాల్లో ప్లవకాలు 20 శాతం దాకా తగ్గాయని పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సహచరులు 2016లో ప్రకటించారు. వేడినీరు తేలిక. పై పొర వేడెక్కేకొద్దీ అడుగునీటితో కలవడం తగ్గుతుంది. బంగాళాఖాతంలో మంచినీరు వేసే మూతను అక్కడ వేడి వేస్తోంది.

ఉపగ్రహానికి ఒక లోపం ఉంది. మబ్బులుంటే సముద్రం కనపడదు, కనపడినా పై పొర కింద ఏముందో తెలియదు. అందుకే ఆర్గో ఫ్లోట్లు వదిలారు. పదిరోజులకోసారి 2,000 మీటర్ల లోతుకు దిగి, పైకి వస్తూ కొలిచి, ఉపగ్రహానికి కబురు పంపి మళ్లీ మునిగే గొట్టాలివి. కొన్నింటికి పత్రహరితాన్ని కొలిచే పరికరం కూడా ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడింది. నగరంలో చెట్లు వేల సంఖ్యలో కూలాయి, కైలాసగిరి బోడిగా మిగిలింది. అదే తుఫాను చిలికిన బంగాళాఖాతం పై పొరలో పత్రహరితం పెరిగినట్టు అలాంటి ఒక ఫ్లోటు నమోదు చేసింది.